మసిమనిషి ముఖం

“సార్, ఈ నలుపు కింద కళ్ళున్నాయండీ!” అంది ఎడిటరమ్మాయి.

ఆర్టిస్టు గుండెల్లో రాయి పడింది.

ముప్పై ఏళ్ళ కిందటి బొమ్మల పేజీ అది. మూడో సంచిక, పదకొండో పేజీ. ఆ అమ్మాయి టేబుల్ లైటు మెడ వంచి, వెలుతురు కాగితం మీద ఏటవాలుగా పడేలా పట్టుకుంది. అలా పట్టుకుంటే నల్ల ఇంకు కింద పెన్సిల్ నొక్కిన గాడి బయటపడుతుంది. రెండు కళ్ళు. ఒక కంటి మీద సగం కనుబొమ. ముక్కు లేదు, నోరు లేదు.

ప్రెస్సు పై అంతస్తులో మూడు బల్లలు కలిపివేసి మసిమనిషి కథల అసలు పేజీలన్నీ పరిచారు. ఇరవై ఆరు సంచికలు. అన్నీ కలిపి ఒకే లావుపాటి పుస్తకంగా తెస్తున్నారు. ఎవరీ మసిమనిషి అంటే, ఒక ఫైర్ స్టేషన్ ఉద్యోగి. బట్టల మిల్లు తగలబడినరోజు లోపలివాళ్ళని ఒక్కొక్కళ్ళనీ బయటికి మోసి, చివరికి తను మాత్రం రాలేకపోయాడు. అప్పట్నుంచి ఎక్కడ నిప్పంటుకున్నా గోడకు పట్టిన మసిలోంచి లేచొస్తాడు. అతను కాపాడినవాళ్ళ భుజం మీద నల్లటి అరచేతి అచ్చు పడుతుంది, వారం దాకా ఎంత కడిగినా పోదు. నిప్పు పెట్టినవాడికైతే ఆ అచ్చు పడగ్గది గోడ మీద కనిపిస్తుంది. సున్నం వేసినా మర్నాటికి మళ్ళీ తేలుతుంది. ఈ కథలు చదివిన పిల్లలు పొయ్యి ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్ళడం మానేశారని అప్పట్లో తల్లులు ప్రెస్సు మీదికి గొడవకొచ్చారు.

మొదటి రెండు సంచికల్లో మసిమనిషికి కోటేరు ముక్కు, గట్టి దవడ ఉన్నాయి. అలాంటి హీరోలు బజార్లో డజనుమంది ఉన్నారు. మూడో సంచిక పదకొండో పేజీ నుంచి ముఖం లేదు. టోపీ కింద ఒట్టి నలుపు. నాలుగో సంచిక నుంచి కథ కూడా మలుపు తిరిగింది. ఆ నలుపులోకి చూసిన దోషికి, తను ఎవరికి అన్యాయం చేశాడో వాళ్ళ ముఖం అందులో కనిపిస్తుంది. ఇక అక్కణ్ణుంచి మసిమనిషిని ఆపినవాడు లేడు.

“అంటే ముఖం గీయడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, నలుపు నింపేశారన్నమాట. ఎలా తట్టింది సార్ మీకు అప్పుడు?”

నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆర్టిస్టు నోరు తెరిచాడు కూడా. “ఆఖరి నిమిషంలో తట్టిందమ్మా. భయమనేది కనిపించేదాంట్లో ఉండదు కదా,” అన్నాడు.

ఛీ, అనుకున్నాడు లోపల. ఇదే వాక్యం ఎన్నో ఏళ్ళుగా అడిగినవాళ్ళందరికీ అప్పజెబుతున్నాడు. నాలుకకి అలవాటైపోయింది.

“ఇది పుస్తకం చివర్లో వేసి తీరాలి సార్! ముఖం ఎలా మాయమైందో చెబుతూ నాలుగు పేజీలు. అప్పటి చిత్తు బొమ్మలు మీ దగ్గరుంటాయిగా? ఒక్కసారే తీసేసి ఉండరు, రకరకాలుగా ప్రయత్నించి ఉంటారు.”

“ఉంటాయి. అటక మీద ఎక్కడో ఉండాలి. చూస్తాను.”

“గురువారానికి ఇచ్చేయండి సార్, ప్లీజ్. శనివారం మొత్తం ప్రింటింగుకి వెళ్ళిపోతుంది.”

అటక మీద రెక్క విరిగిన ఫ్యానూ, ఖాళీ సూట్‌కేసూ తప్ప ఇంకేమీ లేవని అతనికి బాగా తెలుసు. అలాగేనమ్మా అని తలూపి మెట్లు దిగాడు.

లేనివాటిని వెతకడం కుదరదు కాబట్టి మంగళవారం పొద్దున్నే గీయడానికి కూర్చున్నాడు. అంచులు పసుపెక్కిన పాత డ్రాయింగ్ షీట్లు రెండు బీరువా అడుగున దొరికాయి. ఇంకొన్ని మరీ తెల్లగా ఉన్నాయని పల్చటి టీ నీళ్ళలో ముంచి, కిటికీ దగ్గర ఆరబెట్టి, బరువైన పుస్తకాల కింద నొక్కిపెట్టాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, నలుగురూ నమస్కారం పెట్టే మనిషి, కూర్చుని కాగితాలకు ముసలితనం తెప్పిస్తున్నాడు. గది తలుపుకి గడియ కూడా వేసుకున్నాడు. ఇంట్లో ఉన్నది అతనొక్కడే.

పెన్సిల్ పని ఇట్టే అయిపోయింది. మొదటి కాగితం మీద ముఖం పూర్తిగా వేశాడు. రెండోదాని మీద నీడలో సగం ముఖం. మూడోదాంట్లో కళ్ళు మాత్రం. నాలుగోది ఉత్త నలుపు. చెయ్యి ఇంకా పట్టు తప్పలేదని కాస్త గర్వపడ్డాడు కూడా, సిగ్గులేకుండా. ఇంకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీరుగారిపోయాడు. అతను నింపిన నలుపు చచ్చిన నలుపు. రోడ్డు మీద పోసిన తారులా ఉంది. అసలు పేజీ ఫోటో పక్కన పెట్టుకుని చూశాడు. అందులో బ్రష్షు వేట్లు ముఖం ఎటు తిరిగితే అటు తిరిగాయి, నుదుటి దగ్గర అడ్డంగా, బుగ్గ దగ్గర కిందికి జారుతూ. దవడ అంచున వెంట్రుకంత తెలుపు వదిలేసి ఉంది. చూడగా చూడగా ఆ నలుపులో ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డారనిపిస్తుంది. మూడుసార్లు ప్రయత్నించి మూడూ చించేశాడు. ఆ చెయ్యి అతనిది కాదు. అది అక్క చెయ్యి.

నాలుగోది మళ్ళీ గీసుకుని, సాయంత్రం ఆరింటికి అక్క ఇంటి బెల్లు కొట్టాడు. బావ తలుపు తీశాడు.

“ఏవోయ్ బావమరిదీ, దారి తప్పావా?”

“అక్కతో చిన్న పనుంది బావా.”

“అదేలే, పనుంటే గానీ మేం గుర్తురాం కదా!” బావ నవ్వుతూనే అన్నాడు గానీ అతనికి తగలాల్సినచోటే తగిలింది.

అక్క సర్వే ఆఫీసులో ట్రేసర్. పెద్ద పటం మీద పల్చటి కాగితం పరిచి, కిందున్న గీతను ఉన్నదున్నట్టు ఇంకుతో పైకెత్తడం ఆమె ఉద్యోగం. ఇప్పుడా పనంతా కంప్యూటర్లు చేస్తున్నాయి. చిరిగి చివికిపోయిన పాత పటాల కోసం మాత్రం ఆమెను ఇంకా ఉంచుకున్నారు. గట్టు గీత పిసరంత పక్కకి జరిగితే ఒకళ్ళ భూమి ఇంకొకళ్ళదైపోతుంది, ఆమె చేతిలో ఎప్పుడూ జరగలేదు.

“మసిమనిషి పుస్తకమటగా! ఎన్ని పేజీలురా?” అంది అక్క ముఖం వెలిగిపోతూ.

“ఆరువందల పైనే.”

“అమ్మో! మీద పడితే మనిషి పోతాడు. ఏదీ, ఏం తెచ్చావు?”

“వీటికి కాస్త ఇంకు పట్టించవా అక్కా. నా వల్ల కావట్లేదు.”

మారు మాట్లాడకుండా లేచి చేతులు కడుక్కుంది. బల్ల మీద పాత గుడ్డ పరిచి, ఇంకు సీసా మూతలో నాలుగు చుక్కలు పోసుకుంది. బ్రష్షు కొనను పెదాల మధ్య తిప్పి సూదిమొనలా చేసింది. చిటికెనవేలు కాగితానికి ఆనించి కూర్చున్నాక, అలవాటు కొద్దీ అడిగింది. “ఇంటూ మార్కులేవిరా?”

అప్పట్లో వాళ్ళ పద్ధతి అది. తమ్ముడు పెన్సిల్‌తో గీసి, నలుపు రావాల్సినచోట చిన్న ఇంటూ మార్కు పెట్టేవాడు. మార్కు ఉన్నచోట అక్క నింపాలి, లేనిచోట ముట్టుకోకూడదు. గీత మీద గీత వేయాలి తప్ప కొత్త గీత పుట్టించకూడదు. ఆ రూలు పెట్టింది తమ్ముడే.

“నీకు తోచినట్టు వెయ్యక్కా.”

“నాకు తోచినట్టా? బాబోయ్, ఒకసారి తోచింది చాలదూ!” అని నవ్వి పనిలో పడింది.

మొదటిది, రెండోది, మూడోది అయ్యాయి. బ్రష్షు ఎక్కడా తడబడలేదు. అతను ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాడు. నాలుగోదాని దగ్గర అక్క ఆగింది. “ఒరే, ఇవి ఎప్పుడు గీసినవని వేస్తారు పుస్తకంలో?”

“అప్పటివే అని. అంటే, ముఖం తీసేయాలని నేను ముందునుంచీ అనుకున్నట్టు…” అని నసిగాడు.

అక్క బ్రష్షు పక్కన పెట్టేసింది. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇంకా నన్ను వెనకేసుకొస్తూనే ఉన్నావట్రా?” అంది.

అతను అర్థం కాక అలాగే చూశాడు.

“ఆ రోజు నువ్వు పేజీ సగంలో వదిలేసి సినిమాకి పోయావు. ప్రెస్సు నుంచి మనిషొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చూస్తే ముఖం లేదు, కళ్ళున్నాయంతే. ముఖం గీద్దామంటే గీత నా పని కాదాయె. అలాగే ఇచ్చేద్దామంటే అసహ్యంగా ఉంది. నాకు చేతనైంది నింపడం ఒక్కటే. మార్కు లేదని తెలిసి కూడా నింపేశాను. నువ్వొచ్చి తిట్టావు, తిట్టాల్సిందే మరి. బంగారంలాంటి హీరోని పాడుచేశాను. చదివేవాళ్ళు దుమ్మెత్తిపోస్తున్నారని నువ్వు చెప్పినరోజు నాకు ముద్ద దిగలేదు. అయినా నువ్వు ఏకంగా కథే మార్చేసి, ఆ నలుపుకో అర్థం కల్పించి, నా తప్పు కప్పెట్టేశావు. ఎవరడిగినా నేనే చేశానని నీ మీదే వేసుకున్నావు. ఒక్కచోట కూడా నా పేరు బయటికి రానివ్వలేదు. ఏ తమ్ముడు చేస్తాడురా ఇంత?”

“వారానికోసారి నాకు ఇదే పురాణం,” అని బావ పక్క గదిలోంచి కేకేశాడు.

ఆర్టిస్టుకి తల కొట్టేసినట్టయింది. చదివేవాళ్ళు తిడుతున్నారని తను అప్పట్లో అన్నాడు, నిజమే. ఒక్క ఉత్తరమూ రాకముందే, ఉడుకుమోత్తనంతో అనేశాడు. ఆ తర్వాత ఉత్తరాలు వచ్చాయి, కట్టలు కట్టలుగా, అన్నీ పొగడ్తలే. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు ముప్పై ఏళ్ళుగా రాలేదు.

“అందుకే ఆఫీసులో డ్రాయింగ్ సెక్షన్‌కి రమ్మని రెండుసార్లు అడిగినా పోలేదు నేను,” అక్క మళ్ళీ బ్రష్షు తీసుకుని, నాలుగో ముఖం నింపుతూ తాపీగా చెప్పింది. “సొంతంగా గీసే పని నాకు అచ్చిరాదు. ఉన్న గీత మీద గీత వెయ్యమను, ఎంతైనా వేస్తాను.”

ఈ సంగతి అతను వినడం ఇదే మొదటిసారి. చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని లోపల ఎవరో రొద పెడుతున్నారు. అక్క ఇచ్చిన టీ తాగాడు. ఇంకు ఆరాక కాగితాలు చుట్టుకుని, చల్లగా జారుకున్నాడు.

గురువారం ఆ నాలుగు కాగితాలూ చూసి ఎడిటరమ్మాయి గంతేసినంత పనిచేసింది.

“అటక మీదే దొరికాయా సార్?”

“ఊఁ.”

“నేనూ ఒకటి కనిపెట్టాను, చూడండి!” అని బల్ల కిందనుంచి పురికొసతో కట్టిన ఉత్తరాల కట్ట తీసింది. “గోడౌన్లో ఉంది. మూడో సంచికకి వచ్చినవి. నూట పన్నెండు. కట్ట మీద పాత మేనేజరుగారి చీటీ కూడా ఉంది. ‘ఆర్టిస్టుగారు ఇంటికి పంపవద్దన్నారు’ అని. ఎందుకు సార్ వద్దన్నారు?”

అతను ఆ చీటీని వేలితో పక్కకి నెట్టాడు. ఆ అమ్మాయి ఉత్సాహంలో పట్టించుకోకుండా ఒక ఉత్తరం లాగి చదివింది. “‘నేను కాలిన గాయాల వార్డులో నర్సుని. ముఖం పోయిన మనిషిని హీరోగా ఎవరూ వేయరు. మీరు వేశారు. మా వార్డులో ఒకాయన పదకొండో పేజీ చింపి మంచం పక్కన అంటించుకున్నాడు. వార్డులో చేరిన నెలకి, మొదటిసారి నిన్న అద్దం అడిగాడు.’ సార్, నాకు ఏడుపొచ్చింది తెలుసా? ఇవి కూడా వేసేద్దాం.”

ఇవి అచ్చయితే అక్క చదువుతుంది. తారీఖులతో సహా చదువుతుంది, ఆమె కంటికి అంకె తప్పదు. “ఉత్తరాలు వద్దమ్మా,” అన్నాడు గబుక్కున. “పొగడ్తలు మనమే వేసుకుంటే ఏం బాగుంటుంది?”

“అబ్బ! మీలాంటివాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు సార్!” అంది ఆ అమ్మాయి నిజంగానే చేతులు జోడించి.

నిలువునా పాతేసినా ఇంతకంటే బాగుండేదనిపించింది. ఆ అమ్మాయి లోపలి మొదటి పేజీ ప్రూఫు తెచ్చి ముందు పెట్టింది. కథ, బొమ్మలు అన్న రెండు మాటల కింద అతని పేరొక్కటే ఉంది. తప్పుల్లేవని సంతకం చెయ్యాలి. తప్పుల్లేవు, అచ్చు తప్పులైతే ఒక్కటీ లేదు. సంతకం చేశాడు, చక్కగా కుదురుగా వచ్చింది.

“ఈ కట్ట నేను తీసుకెళ్ళనా?”

“మీవే కదా సార్!”

చించి పారేద్దామనే తీసుకున్నాడు, అందులో దాపరికం ఎందుకు. ఇంటికి వెళ్ళి పురికొస విప్పి మొదటి ఉత్తరం చించబోయి చదివాడు. తర్వాత రెండోది చదివాడు. చీకటిపడేలోపు నూట పన్నెండూ చదివాడు. అప్పట్లో పదో పన్నెండో చదివి, మిగతావి చూడలేక ప్రెస్సులోనే వదిలేశాడు. ఇప్పుడూ అవే మాటలు. ఆ నలుపు ఎవరిదండీ, ఆ చేతికి దండం పెట్టాలండీ. తను రాసిన కథల్లో దోషులు మసిమనిషి కనబడగానే పేజీలో రెండో బొమ్మ గడికల్లా ఒప్పేసుకునేవారు. ఎంత తేలిగ్గా రాశాను అనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సర్వే ఆఫీసుకి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే అక్క వాలుబల్ల మీద వంగి ఉంది. ఒక గీత అంచు దాకా లాగి, పెన్ను ఎత్తి, అప్పుడు ఊపిరి వదిలింది. ఆ తర్వాతే తమ్ముణ్ణి చూసింది. టిఫిన్ బాక్సు పట్టుకుని వరండాలోకి వచ్చింది.

“ఏంట్రా, మళ్ళీ ఇంకు పనా?” అంది నవ్వుతూ.

అతను కట్ట తీసి బెంచీ మీద పెట్టాడు. “అక్కా, ఎవరూ తిట్టలేదు.”

“ఏంటి?”

“ఆ ముఖాన్ని ఎవరూ తిట్టలేదు. ఒక్కళ్ళు కూడా. చదువు.”

అక్క బాక్సు మూత తెరవకుండానే చదవడం మొదలుపెట్టింది. పటం చూసినట్టు చదివింది, పైనున్న తారీఖు నుంచి కిందున్న సంతకం దాకా. చదివినదాన్ని మడతల ప్రకారమే మడిచి పక్కన పెట్టింది. నర్సు ఉత్తరం రెండుసార్లు చదివింది. ఇరవై అయ్యాక ఆపింది.

“ఇవి సంచిక వచ్చిన రెండో వారానివి.”

“అవును.”

“నీకు అప్పుడే తెలుసు.”

“తెలుసు.”

“అయితే నా పేరు చెప్పకపోవడం నన్ను కాపాడటానికి కాదు.”

“కాదక్కా.”

“మరెందుకు?”

ఎందుకో అతనికి ఎప్పట్నుంచో తెలుసు. పైకి అనడం మాత్రం ఇదే మొదలు. “నా ముఖం కంటే నీ నలుపు బాగా వచ్చింది. అది నాకు కడుపుమంట. తర్వాత అందరూ నాదే అనుకున్నారు. కాదని చెప్పబుద్ధి కాలేదు.”

వరండా చివర ఎవరో కుళాయి కింద గిన్నె కడుగుతున్నారు.

“నేను వద్దన్న సీటులో నా తర్వాత చేరినమ్మాయిని వేశారు,” అంది చివరికి. “ఆ అమ్మాయికి పెన్ను పట్టుకోవడం నేర్పింది నేనే. నిరుడు సెక్షన్ హెడ్డైంది. సన్మానానికి నేను పూలదండ పట్టుకుని నిలబడ్డాను. సంతోషంగానే నిలబడ్డానురా. నాకు అర్హత లేదనుకున్నాను కాబట్టి సంతోషంగా నిలబడ్డాను.”

“పేరు వేయిస్తానక్కా. రేపు ప్రెస్సులో ప్రింటింగుకి వెళ్ళేలోపే నీ పేరు ముందు వేయిస్తాను.”

“పేరా?” అక్క ఆ మాటని అసలు ఎప్పుడూ విననట్టు అంది. కట్టకి పురికొస చుట్టి ముడి వేసి, తన సంచిలో పెట్టుకుంది. “లంచ్ టైమ్ అయిపోయింది,” అని టిఫిన్ బాక్సు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అందులో తిండి అలాగే ఉంది.

అక్కడే నిలబడి ఎడిటరమ్మాయికి ఫోన్ చేశాడు. చిత్తు బొమ్మలు మొన్న గీసినవని, నలుపు తనది కాదని, అక్కదని, మొదటి పేజీ ఆపమని చెప్పాడు. “రేపు పదింటికి రండి,” అంది ఆ అమ్మాయి. సార్ అనలేదు.

శనివారం అతను వెళ్ళేసరికి ఆ నాలుగు కాగితాలూ ఒక కవర్లో పెట్టి, తీసుకెళ్ళిపొమ్మన్నట్టు బల్ల అంచున ఉంచింది. మొదటి పేజీ మళ్ళీ కూర్చి ఉంది. కథ కింద అతని పేరు, బొమ్మలు కింద అక్క పేరు, తర్వాత అతని పేరు. “చివరి నాలుగు పేజీల్లో మూడింట్లో ఉత్తరాలు వేస్తున్నాను, కట్ట దొరికినరోజే స్కాన్ చేసి పెట్టుకున్నాను,” అంది కంప్యూటర్ మీంచి కళ్ళెత్తకుండా. “ఒకటి ఖాళీ. అందులో ఏం వెయ్యాలో నాకు తెలీదు.”

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అక్క వచ్చింది. చేతిలో చుట్ట చుట్టిన చార్టు ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కుడి చూపుడువేలికి ఇంకు అంటి ఉంది. తమ్ముడి వైపు చూడకుండా ఎడిటరమ్మాయికి తనెవరో చెప్పుకుని, చుట్ట విప్పి బల్ల మీద పరిచింది.

బొమ్మల పేజీ. ఆరు గడులు. అన్నీ ఆమె సొంత గీతలే.

మొదటి గడిలో గుమ్మంలో ఒక మనిషి చేతి వాచీ చూసుకుంటున్నాడు. ఆ గడిలో గీతలు బిగుసుకుపోయి, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. రెండో గడిలో బల్ల మీద పేజీ, అందులో రెండు కళ్ళు. మూడోదాంట్లో బ్రష్షు పట్టుకున్న ఆడపిల్ల చెయ్యి, గాల్లో ఆగిపోయి. నాలుగో గడికి వచ్చేసరికి ఆ చేతికి ధైర్యం వచ్చింది. ఇంకు కాగితం మీద పారింది. ఐదోదాంట్లో సినిమా నుంచి వచ్చిన కుర్రాడు గుమ్మం దాటుతున్నాడు. ఆరో గడి మిగతావాటికి రెండింతలుంది. అందులో ఉన్నది ఒక్క ముఖం. కోపంతో వికారంగా తెరిచిన నోరు, మెడ మీద పొంగిన నరాలు, చిట్లించిన కళ్ళు. ఇరవై నాలుగేళ్ళ ఆర్టిస్టు ముఖం. నీడ పిసరంత కూడా వెయ్యలేదు. ముక్కు పక్కన మొటిమ మచ్చతో సహా అంతా వెలుతురులోనే ఉంది.

ఎడిటరమ్మాయి పేజీ మీదికి వంగింది. “మేడమ్, మీరింతకుముందు ఎప్పుడూ సొంతంగా గీయలేదా?”

“ఎప్పుడూ లేదమ్మా.”

“మాటల బుడగలు ఖాళీగా ఉన్నాయే?”

“అక్షరాలు వాడు రాస్తాడు. మా బొమ్మలకి ఎప్పుడూ వాడే రాసేవాడు,” అంది అక్క. అప్పుడు మొదటిసారి తమ్ముడి వైపు తిరిగింది. “కూర్చో.”

అతను కూర్చున్నాడు. మొదటి ఐదు గడుల్లో పెద్దగా మాటలు లేవు. ‘తొందరగా ఇవ్వమ్మా’ అన్నది ఒకటి, ‘ముఖం గీయడం నా పని కాదు’ అన్నది ఒకటి. అక్క చెబుతుంటే రాశాడు. ఆరో బుడగ దగ్గర ఆమె చెప్పలేదు. అతను పెన్సిల్ తీసుకుని, పల్చగా రాశాడు. ‘ఏంటక్కా, ఇలా చేశావేంటి?’

అక్క కళ్ళజోడు సవరించుకుని చదివింది. “నువ్వన్నది ఇది కాదు.”

“అక్కా…”

“బుడగ అంత పెద్దగా ఎందుకు గీశాననుకున్నావు?”

అతను ఎడిటరమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి కూడా చూపు తిప్పుకోలేదు. “ఇది అచ్చవుతుంది సార్. మీకు అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పండి.”

“లేదమ్మా,” అన్నాడు.

రబ్బరు తీసుకుని రాసింది చెరిపేశాడు. మర్చిపోయానని ఒక్క క్షణం అనుకుందామని చూశాడు గానీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఈసారి పెన్సిల్ ముట్టుకోలేదు. నిబ్బు ఇంకులో ముంచి, సీసా అంచుకి తుడిచి, నేరుగా రాశాడు. బుడగ నిండా పట్టింది.

‘నీ బతుక్కి నకలు తియ్యడమే ఎక్కువ. సొంత తెలివి ఒకటా నీ మొహానికి? ఇంకోసారి నా బొమ్మ మీద చెయ్యి పెడితే విరగ్గొడతా.’

ఎడిటరమ్మాయి చదివి మెల్లగా పక్కకి తప్పుకుంది. అక్క వంగి, పటం సరిచూసినట్టు ఒక్కో అక్షరం సరిచూసింది. దీర్ఘాలు, ఒత్తులు అన్నీ చూసింది. సరిగ్గానే ఉన్నట్టు తలూపింది.

ఆర్టిస్టు నిబ్బు పక్కన పెట్టాడు. బల్ల మీదున్న అక్క చేతిని అందుకోబోయాడు. “నన్ను క్షమించక్కా,” అన్నాడు.

“ఇంకు తడిగా ఉంది,” అంది అక్క. “చెయ్యి తియ్యి.”